ఇన్‌స్టానా, స్నాపా, నాన్న చెప్పిన ఫేస్‌బుక్కా?

ప్రశ్న: అక్కా, మాది పొదిలి దగ్గర పల్లె. ఒంగోల్లో హాస్టల్లో ఉండి డిగ్రీ కంప్యూటర్స్ ఫస్టియర్ చదువుతున్నా. పద్దెనిమిది నిండాయి. కాలేజీలో చేరేటప్పుడు నాన్న కొత్త ఫోన్ కొనిచ్చాడు కానీ వాట్సాప్ కాకుండా ఇంకొక్క యాప్ మాత్రమే పెట్టుకోవాలి, అది కూడా ఫేస్‌బుక్ అయితేనే అన్నాడు, ఎందుకంటే ఆయన అందులో ఉన్నాడు. ఇక్కడేమో ఫేస్‌బుక్ పేరెత్తితే క్లాసంతా నవ్వుతారు. అందరూ ఇన్‌స్టాలోనే ఉన్నారు. రూమ్మేట్ స్నాప్‌చాట్ పెట్టు, స్ట్రీక్ మొదలుపెడదాం అని రోజూ పోరు. సీనియర్లు నోట్స్ టెలిగ్రామ్‌లో ఉన్నాయంటారు. కంప్యూటర్ సార్ ఇప్పటినుంచే లింక్డ్ఇన్ పెట్టుకోండి అంటారు. నాన్నకి తెలియకుండా వేరే పేరుతో ఇన్‌స్టా పెట్టుకోమని ఒక ఫ్రెండ్ సలహా. రోజుకి ఒకటిన్నర జీబీ డేటా, ఫోన్ 64 జీబీ. వీటిలో ఏది మంచిది? ఏది పెట్టుకోమంటావు? మా తమ్ముడు టెన్త్, వాడు కూడా అకౌంట్ కావాలని ఇంట్లో గొడవ. (పేరు వేయొద్దు)

జవాబు: ముందు తేల్చి చెప్పేస్తా, కారణాలు తర్వాత. ఇన్‌స్టాగ్రామ్ పెట్టుకో, నీ సొంత పేరుతో, ప్రైవేట్ అకౌంట్‌గా, నాన్నకి చెప్పి. టెలిగ్రామ్ నోట్స్ వరకే. లింక్డ్ఇన్‌కి ఇప్పుడే తొందర లేదు. స్నాప్‌చాట్ వదిలెయ్, రూమ్మేట్ ఒకట్రెండు రోజులు అలుగుతుంది, ఆ తర్వాత చార్జర్ కోసం నీ దగ్గరికే వస్తుంది. ఫేస్‌బుక్ సంగతి యాప్ సంగతి కంటే నాన్నతో మాట్లాడే సంగతి కాబట్టి దాన్ని కొంచెం ఆగి చెప్తా.

ఏది మంచిది అని అడిగావు కదా, నేను వీటిని మంచి చెడుల లెక్కన చూడను తల్లీ. రెండే రెండు చూస్తా. నువ్వు అక్కడ పెట్టింది ఎవరి కంట పడుతుంది, పడకూడని వాళ్ళ కంట పడితే మళ్ళీ వెనక్కి లాక్కునే దారి ఏమైనా ఉందా. ఈ లెక్కన చూస్తే మీ ఇంట్లో ఎవరూ భయపడని చోటే నాకు ఎక్కువ భయం కనిపిస్తోంది, అదే వాట్సాప్.

వాట్సాప్‌ని మన ఇళ్ళల్లో యాప్ కింద లెక్కెయ్యరు. నాన్న కూడా వెయ్యలేదు చూడు, 'వాట్సాప్ కాకుండా ఇంకొకటి' అన్నారు. మీ పొదిలి వైపు పొగాకు వేలం జరిగే రోజుల్లో ఏ రకం ఎంత పలికిందో ఫ్లోరు నుంచి ఇంటికి కబురు వచ్చేది అందులోనే, పెళ్ళి శుభలేఖ వచ్చేది అందులోనే, ఇంక దాన్ని ఎవరు అనుమానిస్తారు? నిజానికి మాటల భద్రత వరకు అది గట్టిదే. 2016 నుంచి అందులో మెసేజ్‌లూ కాల్సూ ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్‌తో వెళ్తాయి, అంటే పంపినవాళ్ళు, అందుకున్నవాళ్ళు తప్ప మధ్యలో ఆ కంపెనీకి కూడా చదవడం కుదరదు. కాకపోతే అక్కడ నిన్ను గుర్తుపట్టేది నీ ఫోన్ నంబరుతో. ఫ్రెషర్స్ డే గ్రూపు, ఎన్‌ఎస్‌ఎస్ క్యాంపు గ్రూపు, హాస్టల్ మెస్ గ్రూపు, ఎవడో సీనియర్ పెట్టిన 'ఫస్టియర్ గర్ల్స్ అండ్ బాయ్స్ అఫీషియల్' గ్రూపు, ఒక్కోదాంట్లో 1024 మంది దాకా పడతారు, వాళ్ళలో నీకు మొహం తెలిసినవాళ్ళు ఎంతమంది ఉంటారో నువ్వే చెప్పు, ప్రతి ఒక్కరికీ నీ నంబరు కనిపిస్తూనే ఉంటుంది, నువ్వు డీపీ అందరికీ కనిపించేట్టు పెట్టి ఉంటే ఆ నంబరు పక్కన నీ ఫోటో కూడా. రాత్రి పదకొండింటికి 'హాయ్, గుర్తుపట్టావా' అని తెలియని నంబరు నుంచి వచ్చే మెసేజ్‌లు ఎక్కువగా ఇట్టాంటి గ్రూపుల నుంచి పుట్టినవే.

అందుకని ఈ ఉత్తరం చదవడం ఆపి ఇప్పుడే వాట్సాప్ సెట్టింగ్స్‌లోకి పో. ప్రైవసీ అని ఉంటుంది. ప్రొఫైల్ ఫోటో, లాస్ట్ సీన్, స్టేటస్ అన్నీ 'మై కాంటాక్ట్స్' కి మార్చు. దాని కిందే గ్రూప్స్ అని ఉంటుంది, నిన్ను ఎవరు పడితే వాళ్ళు గ్రూపులో వేసెయ్యకుండా దాన్ని కూడా అట్టాగే మార్చు. క్లాసు గ్రూపు అడ్మిన్ మంచివాడైతే మామూలు గ్రూపు తీసేసి కమ్యూనిటీ అనౌన్స్‌మెంట్ గ్రూపు పెట్టమని అడుగు, అందులో సభ్యుల నంబర్లు ఒకరిది ఇంకొకరికి బయటపడవు, టైంటేబుల్, పరీక్ష ఫీజు తేదీ లాంటివి చెప్పుకోడానికి అంతకంటే ఇంకేం కావాలి? ఇంకోటి, శుభలేఖ అనో, చలానా అనో, బ్యాంకు కేవైసీ అనో పేరు పెట్టుకుని చివర్లో ఏపీకే అని ఉన్న ఫైల్, అంటే ఫోన్లోకి యాప్ ఎక్కించే ఫైల్, ఎవరు పంపినా నొక్కొద్దు, మీ మామయ్య నంబరు నుంచి వచ్చినా సరే. ఆయన పంపి ఉండడు, అప్పటికే ఆయన ఫోన్ వేరేవాళ్ళ చేతిలోకి పోయి ఉంటుంది.

ఇక ఇన్‌స్టా. ఇది 2010లో వట్టి ఫోటోలు పెట్టుకునే యాప్‌గా మొదలైంది, 2012లో ఫేస్‌బుక్ వాళ్ళు 100 కోట్ల డాలర్లకి కొనేశారు. వాట్సాప్‌ని 2014లో 1900 కోట్ల డాలర్లకి కొన్నదీ వాళ్ళే. ఇప్పుడు ఆ కంపెనీ పేరు మెటా. ఈ ముక్క నాన్నకి తప్పకుండా చెప్పు, ఆయన నమ్మిన ఫేస్‌బుక్కు, నమ్మని ఇన్‌స్టాగ్రామూ ఒకే ఓనరువి, ఒక దాంట్లో నీ గురించి తెలిసింది ఇంకోదానికి తెలియదని అనుకోవాల్సిన పనే లేదు. మనకి రీల్స్ పిచ్చి పట్టింది మాత్రం 2020లో. జూన్ 29న టిక్‌టాక్‌ని మన ప్రభుత్వం నిషేధించింది, వారం పది రోజుల్లోనే రీల్స్ మన దేశంలో దిగిపోయింది, అప్పటిదాకా చేలగట్ల మీద డాన్సులేసి టిక్‌టాక్‌లో పేరు తెచ్చుకున్నవాళ్ళు ఒక్క రాత్రిలో ఫాలోవర్లందరినీ పోగొట్టుకుని ఇక్కడ సున్నా నుంచి మొదలుపెట్టారు.

నీకు నేను ఇన్‌స్టానే ఎందుకు చెప్తున్నానంటే అందులో ఎదుటివాడికి నీ నంబరు తెలియదు, ప్రైవేట్ పెట్టుకుంటే నువ్వు ఒప్పుకున్నవాళ్ళకే నీ పోస్టులు కనిపిస్తాయి, ఒప్పుకున్న తర్వాత కూడా మనసు మారితే గమ్మున తీసెయ్యొచ్చు, తీసేసినట్టు వాళ్ళకి కబురు కూడా పోదు. ఎవరైనా తమ ఫోటోలో నిన్ను ట్యాగ్ చేస్తే నువ్వు సరే అన్నాకే నీ పేజీలో కనిపించేట్టు పెట్టుకోవచ్చు. స్టోరీని 'క్లోజ్ ఫ్రెండ్స్' కి మాత్రమే వదలొచ్చు. ఇన్ని తాళాలు ఉన్నాయి. అన్నీ వేసుకున్నాక కూడా మూడు బయటే ఉంటాయి: నీ పేరు, నీ ప్రొఫైల్ ఫోటో, దాని కింద రాసుకునే బయో. అకౌంట్ ప్రైవేట్ అయినా అవి లోకమంతటికీ కనిపిస్తాయి. కాబట్టి బయోలో కాలేజీ పేరు, హాస్టల్ ఉన్న వీధి, పుట్టినరోజు రాసుకోవడం ఎందుకు? మీ క్లాసు అమ్మాయిల బయోలు ఒకసారి చూడు, సగం మంది తమ బయోడేటా మొత్తం అక్కడే పెట్టేసి ఉంటారు. కాంటాక్ట్స్ అప్‌లోడ్ చెయ్యమని మొదట్లోనే అడుగుతుంది, వద్దని చెప్పు, లేకపోతే మీ ఊళ్ళో నీ నంబరున్న ప్రతి ఫోన్లో 'ఈమె మీకు తెలిసి ఉండొచ్చు' అని నీ అకౌంట్‌ని అదే తీసుకెళ్ళి చూపించే అవకాశం ఉంది.

ఫోటోల గురించి ఒక్కమాట. మెడలో కాలేజీ ఐడీ కార్డుతో సెల్ఫీ దిగి అట్టాగే పెట్టేస్తారు మన పిల్లలు. ఆ ఫోటోని రెండు వేళ్ళతో పెద్దది చేసి చూడు. పేరు, కోర్సు, రోల్ నంబరు, ఒక్కోసారి బ్లడ్ గ్రూపు, నాన్న ఫోన్ నంబరు కూడా అచ్చంగా చదువుకోవచ్చు. బస్ పాస్, హాల్ టికెట్ అదే కథ, హాల్ టికెట్ మీద పుట్టిన తేదీ కూడా ఉంటుంది. హాస్టల్ మేడ మీద నుంచి తీసిన సాయంత్రం ఆకాశం ఫోటో బాగానే ఉంటుంది, కింద ఎదురు షాపు బోర్డు కూడా పడిందంటే నువ్వు ఉండే వీధి దొరికినట్టే. తీసి చూపించకపోతే ఎవరికీ తట్టదు ఇది, మొన్న మా ఇంటికొచ్చిన పిల్లకి ఇట్టాగే చూపిస్తే అప్పటికప్పుడు ఆరేడు ఫోటోలు తీసేసుకుంది.

కాలేజీ పేరు పెట్టి 'కన్ఫెషన్స్' అని ఇన్‌స్టాలో పేజీలు ఉంటాయి, మీ కాలేజీకీ ఉండే ఉంటుంది. ఎవరో ఒక ఫారం పెడతారు, అందులో ఎవడైనా ఏదైనా రాసి పంపొచ్చు, 'బీకాం సెకండియర్, నీలం చున్నీ, నిన్ను చూస్తే...' అని మొదలవుతాయి. అడ్మిన్ ఎవడో తెలియదు, రాసినవాడెవడో తెలియదు, అందరికీ తెలిసిపోయేది ఆ నీలం చున్నీ అమ్మాయి ఒక్కతే. నువ్వు నవ్వుకోడానికి కూడా అక్కడ కామెంట్ పెట్టకు, స్నేహితురాల్ని ట్యాగ్ అసలే చెయ్యకు. నీ గురించే వస్తే జవాబు రాయకుండా స్క్రీన్‌షాట్ తీసి దాచుకుని, రిపోర్ట్ కొట్టి, నీకు నమ్మకమున్న మేడం ఒకరికి చూపించు. అది సీనియర్ల వేధింపు దాకా పోతే యూజీసీ యాంటీ ర్యాగింగ్ హెల్ప్‌లైన్ 1800-180-5522 ఉంది, పగలూ రాత్రీ ఎత్తుతారు.

డేటా సంగతికొస్తే నీ ఒకటిన్నర జీబీకి అసలు శత్రువు రీల్సే. సెట్టింగ్స్‌లో తక్కువ డేటా వాడే ఆప్షన్ ఉంది, ఆన్ చేసుకో. రోజుకి ఇంతసేపే అని టైం లిమిట్ కూడా పెట్టుకోవచ్చు, నువ్వు దాన్ని పట్టించుకోకుండా దాటేస్తావని నాకు తెలుసు, అయినా పెట్టుకో.

స్నాప్‌చాట్ గురించి నాకు కోపమేమీ లేదు, దాన్ని 2011లో స్టాన్‌ఫర్డ్ విద్యార్థులే తయారుచేశారు, చూడగానే మాయమయ్యే ఫోటో అన్నది మంచి ఆలోచనే. లైకుల లెక్క ఉండదు, ఊరందరి ముందు పోస్టు పెట్టే పని ఉండదు, పదిమంది స్నేహితులు పిచ్చి మొహాలు పెట్టుకుని పంపుకుంటారు. ఇప్పుడు అందరూ వాడే స్టోరీలు కూడా అక్కడ పుట్టినవే, ఇన్‌స్టా 2016లో అచ్చంగా దింపేసింది. నా అభ్యంతరమల్లా 'మాయమవుతుంది' అన్న ధైర్యం మీద. ఎదుటివాళ్ళు స్క్రీన్‌షాట్ తీస్తే నీకు తెలిసేట్టు చేశారు, బాగుంది, పక్కన ఇంకో ఫోన్ పట్టుకుని ఆ ఫోన్ తెరని ఫోటో తీస్తే? అది ఎవరికీ తెలియదు. మాయమవుతుందన్న ధీమాతోనే మామూలుగా పంపనివి పంపుతారు.

ఇక స్ట్రీక్ అంటే రోజూ ఇరవై నాలుగు గంటల్లోపు ఇద్దరూ ఒకరికొకరు స్నాప్ పంపాలి, తప్పితే అంకె పోతుంది. మొదట్లో సరదాగా ఉంటుంది, తర్వాత చూడు, అర్ధరాత్రి లేచి సీలింగ్ ఫ్యాన్ ఫోటో తీసి పంపడం, గోడ ఫోటో పంపడం, మాట ఒక్కటి ఉండదు, అంకె మాత్రం పెరుగుతుంటుంది. ఇంకో వింత ఉంది. సంక్రాంతికి ఊరెళ్తే సిగ్నల్ ఉండదని, స్ట్రీక్ పోకుండా చూడమని పాస్‌వర్డ్ ఫ్రెండ్ చేతిలో పెట్టి వెళ్తారు. తన మెసేజ్‌లు, దాచుకున్న ఫోటోలు అన్నీ ఇంకొకరికి అప్పజెప్పినట్టే కదా! మీ రూమ్మేట్‌తో నువ్వు ఒకే గదిలో ఉంటున్నావు, రోజూ ఒకే కంచంలో తింటున్నావు, మీ ఇద్దరికీ స్ట్రీక్ ఎందుకమ్మా అసలు? ఎట్టాగూ పెట్టుకుంటావనుకో, అందులో మ్యాప్ ఒకటి ఉంటుంది, స్నేహితులకి నువ్వు ఎక్కడున్నావో చూపిస్తుంది, అక్కడ ఆ చోటుని దాచే 'ఘోస్ట్ మోడ్' ఆన్‌లో ఉందో లేదో మాత్రం చూసుకో.

టెలిగ్రామ్ నీకు ఉపయోగమే. 2 జీబీ దాకా ఒకే ఫైల్ పంపొచ్చు, గ్రూపులో రెండు లక్షల మంది దాకా ఉండొచ్చు, కొత్తగా చేరినవాళ్ళకి పాత నోట్స్ కూడా కనిపిస్తాయి, అందుకే సీనియర్లు అక్కడ పెడతారు. చేరగానే సెట్టింగ్స్‌లో ఫోన్ నంబరు 'నోబడీ' కి మార్చు. ఇందులో మామూలు చాట్‌లకి వాట్సాప్‌లో ఉన్న ఎన్‌క్రిప్షన్ తాళం లేదు, 'సీక్రెట్ చాట్' అని విడిగా మొదలుపెడితేనే ఉంటుంది, ఇది చాలామందికి తెలియదు, టెలిగ్రామే ఎక్కువ భద్రం అని వాదించేవాళ్ళు ప్రతి హాస్టల్లో ఒకరుంటారు.

అక్కడ జాగ్రత్త పడాల్సింది నోట్స్ దగ్గర కాదు, నోట్స్ కోసం చేరిన గ్రూపులో నుంచి నిన్ను ఏరుకుని విడిగా మెసేజ్ పెట్టేవాళ్ళ దగ్గర. పార్ట్ టైం జాబ్ అంటారు. యూట్యూబ్ వీడియోకి లైక్ కొట్టు, హోటల్‌కి రివ్యూ రాయి, ఒక్కో దానికి యాభై రూపాయలు అంటారు, మొదట నిజంగానే నీ ఫోన్‌పేలో వంద, రెండొందలు పడతాయి కూడా, అప్పుడు నమ్మకం కుదురుతుంది, తర్వాత పెద్ద టాస్క్‌కి వెయ్యి కట్టమంటారు, ఐదు వేలంటారు, కట్టింది వెనక్కి రావాలంటే ఇంకో పది వేలంటారు, హాస్టల్ ఫీజు డబ్బులు ఇట్టా పోగొట్టుకుని ఇంట్లో చెప్పలేక ఏడ్చే పిల్లలు ఉన్నారు. ఇంకోరకం ఉంది, ఇది మరీ ప్రమాదం. నీ బ్యాంకు అకౌంట్ కొన్నాళ్ళు వాడుకుంటాం, కమీషన్ ఇస్తాం అంటారు. ఎక్కడో ఎవరినో మోసం చేసిన డబ్బు నీ అకౌంట్ మీదుగా పోతుంది, పోలీసులు ముందు వచ్చేది అకౌంట్ ఎవరి పేరున ఉంటే వాళ్ళ దగ్గరికి. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే 1930కి ఫోన్ చెయ్యాలి, ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బుని మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ. తెల్లారి చూద్దాంలే అంటే అది ఐదారు అకౌంట్లు మారిపోయి ఉంటుంది.

లింక్డ్ఇన్ 2003 నుంచి ఉంది, 2016లో మైక్రోసాఫ్ట్ కొనుక్కుంది, ఉద్యోగాలిచ్చేవాళ్ళు నిజంగానే చూస్తారు, సార్ మాట తప్పేమీ కాదు. కాకపోతే ఫస్టియర్ మొదటి సెమిస్టర్‌లో నువ్వు అందులో ఏం రాస్తావు? 'ఆస్పైరింగ్ డేటా సైంటిస్ట్' అని రాసుకుని కూర్చున్న పిల్లలు వేలల్లో ఉన్నారు. చూపించడానికి నాలుగు పనులు చేతిలో ఉన్నాక తెరువు. ఈలోపు ప్రోగ్రాములు దాచుకుని నలుగురికీ చూపించే గిట్‌హబ్ అనే సైటులో అకౌంట్ తీసుకుని ల్యాబ్‌లో రాసిన ప్రోగ్రాములు, చిన్నవైనా సరే, అక్కడ పెట్టడం అలవాటు చేసుకో, అది సోషల్ మీడియా కాదని నాన్నకి ధైర్యంగా చెప్పొచ్చు. ఐఐటీ ప్రొఫెసర్ల పాఠాలు ఎన్‌పీటీఎల్ అనే సైటులో ఉచితంగా ఉన్నాయి, పరీక్ష రాసి సర్టిఫికెట్ తీసుకోవాలంటేనే ఫీజు. అట్టాంటిది ఒకటి పూర్తి చేశాక రెండో సంవత్సరం చివర్లో లింక్డ్ఇన్ తెరిస్తే రాయడానికి ఏదో ఒకటి ఉంటుంది. అక్కడ కూడా 'హాయ్ డియర్' అని మెసేజ్‌లు వస్తాయి, సూటూ టై ఫోటో ఉంది కదా అని మర్యాదస్తుడు అనుకోకు. ఉద్యోగం ఇస్తాం, ముందు ట్రైనింగ్ ఫీజు కట్టు, ల్యాప్‌టాప్ డిపాజిట్ కట్టు అన్నది ఏ కంపెనీ అయినా అక్కడితో ఆపెయ్.

ఎక్స్, రెడిట్, డిస్కార్డ్ అని ఇంకా ఉన్నాయి. ఇప్పుడు నీకు వాటితో పని లేదు.

సరే, ఫేస్‌బుక్కు, నాన్న. మీ క్లాసు నవ్వుతోంది కానీ ఫేస్‌బుక్ పుట్టిందే కాలేజీ పిల్లల కోసం. 2004 ఫిబ్రవరిలో హార్వర్డ్‌లో మొదలైనప్పుడు ఆ యూనివర్సిటీ మెయిల్ ఐడీ ఉంటేనే లోపలికి రానిచ్చేవాళ్ళు, 2006 సెప్టెంబరులో గానీ పదమూడేళ్ళు నిండిన అందరికీ తలుపులు తెరవలేదు. తర్వాత అమ్మానాన్నలు, బాబాయిలు, మేనత్తలు వచ్చారు, వాళ్ళు రాగానే పిల్లలు లేచి ఇన్‌స్టాకి పోయారు. మేం చదువుకునేటప్పుడు అంతకు ముందు ఆర్కుట్ అని ఇట్టాంటిదే ఒకటి ఉండేది, ఒంగోలు కర్నూలు రోడ్డులో నెట్ సెంటర్‌లో కూర్చుని గంట అయ్యేలోపు అందరికీ స్క్రాప్‌లు, అంటే వాళ్ళ పేజీ మీద చిన్న మెసేజ్‌లు, రాసి, మా ఫ్రెండ్‌ని మెచ్చుకుంటూ టెస్టిమోనియల్ రాసి, కరెంటు పోతే తిట్టుకుంటూ లేచేవాళ్ళం. 2014 సెప్టెంబరు 30న దాన్ని గూగుల్ మూసేసింది. ఆ స్క్రాప్‌లు ఒక్కటి లేవు ఇప్పుడు. అందుకని నీకు నిజంగా ముఖ్యమైన ఫోటోలు ఏ యాప్‌లో పెట్టినా ఇంకో కాపీ విడిగా దాచుకో. ఇన్‌స్టా కూడా శాశ్వతం ఏమీ కాదు.

నాన్న ఫేస్‌బుక్ అంటున్నది ఆ యాప్ మీద ప్రేమతో కాదని నీకూ తెలుసు, ఆయనకి ఆ ఒక్కదాంట్లోనే నిన్ను చూసుకోవడం వచ్చు. పొగాకు ఆరబెట్టే బ్యారన్ దగ్గర కూర్చున్నప్పుడు ఊళ్ళో ఎవడో ఫోన్ తీసి 'ఇది మీ పాప ఫోటోనే కదా అన్నా' అని చూపిస్తాడేమోనన్నది ఆయన దిగులు. ఆ దిగులు వెక్కిరించదగ్గది కాదు. ఊళ్ళో ఆడపిల్ల ఫోటో మీద మాట పుడితే అది ఇంటిదాకా ఎట్టా వస్తుందో నీకు నేను చెప్పక్కర్లేదు. అట్టాగని ఆ దిగులుకి ఫేస్‌బుక్ మందూ కాదు. ఆయన ఫ్రెండ్స్ లిస్టులో చుట్టాలు, ఊరివాళ్ళు, పార్టీ వాళ్ళు, మొహం తెలియనివాళ్ళు అందరూ ఉంటారు, నువ్వు ఆయన ఫోటో కింద 'లవ్యూ నాన్నా' అని పెట్టిన కామెంట్ చాలు వాళ్ళందరికీ నువ్వు దొరికిపోవడానికి. ఆయన తృప్తి కోసం పెట్టుకోవాల్సి వస్తే పెట్టుకో, కానీ ప్రొఫైల్ లాక్ చెయ్, ఆ సౌకర్యం మన దేశంలో 2020లో ముఖ్యంగా ఆడవాళ్ళ కోసమే తెచ్చారు, ఫోటో బదులు ఏ పువ్వో పెట్టు.

ఇప్పుడు మీ ఫ్రెండ్ సలహా, దొంగ పేరుతో ఇన్‌స్టా. ఈ ఉత్తరంలో నాకు గట్టిగా కాదనాలనిపించింది ఇదొక్కటే. నీతి చెప్పడం లేదు, ఇంట్లో అన్నీ చెప్పే వయసు కాదు నీది, నాకు తెలుసు. కానీ ఆలోచించు. రేపు ఆ అకౌంట్లో ఎవడో పరిచయమై, నాలుగు రోజులు మంచిగా మాట్లాడి, నీ ఫోటోకి ఇంకేదో అతికించి 'డబ్బులు పంపు, లేకపోతే మీ నాన్నకి పంపిస్తా' అన్నాడనుకో. అకౌంట్ సంగతి ఇంట్లో తెలిసి ఉంటే నువ్వు నిమిషంలో నాన్నకి ఫోన్ చేస్తావు. తెలియకపోతే వాడు పంపే ఫోటో కంటే ముందు ఆ దొంగ అకౌంట్ సంగతి బయటపడుతుందన్న భయంతోనే సగం చచ్చిపోతావు, చెవి పోగులు తాకట్టు పెట్టి అయినా డబ్బు కడతావు. బెదిరించేవాడికి కావాల్సింది ఆ గుట్టే. నువ్వే దాన్ని వాడి చేతిలో ఎందుకు పెడతావు?

అంతదాకా రాకూడదు, వస్తే మాత్రం ఒక్క రూపాయి కూడా పంపకు, పంపితే ఆగదు, పెరుగుతుంది. చాట్ డిలీట్ చెయ్యకు, స్క్రీన్‌షాట్లు తియ్, తర్వాత బ్లాక్ చెయ్. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ అనే ప్రభుత్వ పోర్టల్లో ఆడవాళ్ళకి సంబంధించిన ఇట్టాంటి ఫిర్యాదులు పేరు చెప్పకుండా కూడా ఇవ్వొచ్చు. స్టాప్‌ఎన్‌సీఐఐ డాట్ ఓఆర్‌జీ అని ఇంకో సైటు ఉంది, పద్దెనిమిది నిండినవాళ్ళ కోసం. నీ ఫోటోని అది తీసుకోదు, అది నీ ఫోన్లోనే ఉంటుంది, దాని గుర్తు మాత్రం ఒక కోడ్‌గా తయారుచేసి ఫేస్‌బుక్, ఇన్‌స్టా లాంటి వాటికి ఇస్తుంది, ఎవడైనా ఆ ఫోటో అక్కడ ఎక్కించబోతే వాళ్ళు పట్టుకుని ఆపగలుగుతారు. ఇది నీకు పనికి రాకపోవచ్చు, హాస్టల్లో ఎవరో ఒకరికి పనికొస్తుంది, చెప్పి ఉంచు.

నాన్నతో ఎట్టా మాట్లాడాలి అంటే, ఫోన్లో వద్దు. ఈసారి ఊరెళ్ళినప్పుడు అన్నం తిన్నాక పక్కన కూర్చుని ముందు ఆయన వాట్సాప్ సెట్టింగ్స్ సరిచేసి పెట్టు. 'నాన్నా, నీ డీపీలో మనందరి ఫోటో ఉంది, అది ఎవరెవరికి కనిపిస్తోందో చూడు' అని చూపించు. అప్పుడు నీకు ఈ సంగతులు తెలుసన్న నమ్మకం ఆయనకి కుదురుతుంది, నీ మాట వినే ఓపిక వస్తుంది. తర్వాత నీ ఇన్‌స్టా తెరిచి ప్రైవేట్ అంటే ఏందో, ఎవరు ఫాలో అవుతున్నారో చూపించు. ఆయన్ని కూడా చేర్చుకోమంటే చేర్చుకో, నాకు తెలిసి నాలుగు రోజులు చూసి మానేస్తారు, మీ క్లాసు పిల్లల డాన్సులు చూసే తీరిక ఆయనకెక్కడిది. పెదనాన్న కొడుకులు, ఊళ్ళో అన్నయ్యలు రిక్వెస్ట్ పెడితే ఒప్పుకోవాలా వద్దా అన్నది కూడా ఆయన ముందే తేల్చుకో, తర్వాత 'నన్ను ఎందుకు యాక్సెప్ట్ చెయ్యలేదు' అని ఎవరైనా అడిగితే 'నాన్న వద్దన్నారు' అనెయ్యొచ్చు, ఇంతకంటే పదునైన సమాధానం లేదు. ఒక్క యాప్ అన్న మాట దగ్గర టెలిగ్రామ్‌కి మినహాయింపు అడుగు, నోట్స్ తెరిచి చూపించి అడుగు.

64 జీబీ ఫోన్ నిండిపోతుందన్న టెన్షన్ ఉంటే వాట్సాప్‌లో ఫోటోలు, వీడియోలు వాటంతటవే డౌన్‌లోడ్ అయ్యేది ఆపెయ్, సగం చోటు దొరుకుతుంది. గుడ్ మార్నింగ్ ఫోటోలు మీ పెద్దమ్మ పంపినా సరే.

మీ తమ్ముడి గురించి. పదమూడు నిండితే ఆ కంపెనీలు అకౌంట్ ఇస్తాయి, పద్దెనిమిది లోపు పిల్లలకి ఇన్‌స్టా అకౌంట్ దానంతటదే ప్రైవేట్‌గా తెరుచుకునేట్టు ఈ మధ్య మార్చారు, వాడు పుట్టిన సంవత్సరం అబద్ధం చెప్పకపోతేనే అది పనిచేస్తుంది. టెన్త్ పబ్లిక్ పరీక్షలు అయ్యాక, అమ్మ ఫోన్లో, వాడి అసలు వయసుతో అని నా ఓటు. వాడు ఒప్పుకోడు. వాడినే ఉత్తరం రాయమను, వాడికి వేరే చెప్తా.